పసుపుకి పసుపు, నలుపుకి నలుపు కలిపేయొచ్చా? కారు స్టీరియో వెనక వైర్లు గుర్తుపట్టే పద్ధతి

గాజువాక నుంచి ఒకాయన అడిగారు: "గురువుగారూ, సెకండ్‌హ్యాండ్‌లో ఇన్నోవా తీసుకున్నాను. కంపెనీ స్టీరియో తీసేసి ఆండ్రాయిడ్ సెట్ పెట్టుకుందామని కొన్నాను. డ్యాష్‌బోర్డు విప్పితే వెనక రెండు కప్లర్లు (వైర్ల గుత్తి దిగే ప్లగ్గులు) కనిపించాయి. ఒకటి 10 పిన్నులది, ఇంకోటి 6 పిన్నులది. చిన్న కప్లర్‌లో పసుపు, ఎరుపు, నలుపు, తెలుపు వైర్లున్నాయి. కొత్త సెట్‌తో వచ్చిన కాగితంలో కూడా పసుపు, ఎరుపు, నలుపే పవర్ వైర్లని ఉంది. కప్లర్ కోసేసి రంగుకి రంగు కలిపేయొచ్చా? ఆదివారం కూర్చుని నేనే చేసుకుందామని."

కోయకండి. రంగుకి రంగు కలపకండి. కటింగ్ ప్లేయర్ పక్కన పెట్టండి, తర్వాత మాట్లాడుకుందాం.

మీరు చెప్పిన ఆ 6 పిన్నుల కప్లర్ టయోటా బండ్లలో ఏళ్ల తరబడి వాడిన రకం. అందులో ఉండేది పవర్ కాదు, వెనక స్పీకర్లు. నలుపు వైరు వెనక ఎడమ స్పీకర్‌కి ప్లస్, పసుపు దానికి మైనస్. ఎరుపు వెనక కుడి స్పీకర్‌కి ప్లస్, తెలుపు దానికి మైనస్. అసలు పవర్ 10 పిన్నుల పెద్ద కప్లర్‌లో ఉంటుంది. నీలం మీద పసుపు గీత ఉన్నది ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, బూడిద రంగుది కీ తిప్పితే వచ్చేది, గోధుమ రంగుది ఎర్త్ (బండి బాడీకి, బ్యాటరీ మైనస్‌కి కలిసేది), ఆకుపచ్చది లైట్లది. ముందు స్పీకర్లు కూడా ఆ పెద్ద కప్లర్‌లోనే. గులాబీ, ఊదా ఎడమ వైపు జత. లేత ఆకుపచ్చ, నీలం కుడి వైపు జత.

ఇప్పుడు మీరు అనుకున్నట్టు కలిపారనుకోండి. సెట్ ఆన్ అవదు. "కొత్త సెట్టే పాడైనట్టుంది" అనుకుంటారు. చాలామంది ఆ తర్వాత చేసే పని ఏమిటంటే, సిగరెట్ లైటర్ దగ్గర్నుంచి ఒక వైరు లాగి పసుపుకి ఇస్తారు, నలుపుని ఒక బోల్టుకి చుట్టి ఎర్త్ చేస్తారు. సెట్ వెలుగుతుంది, సంతోషం. కానీ ఆ పసుపు, నలుపు వైర్లు వెనక ఎడమ స్పీకర్ రెండు చివర్లకీ ఇంకా కలిసే ఉన్నాయి. 4 ఓమ్‌ల స్పీకర్ మీద తిన్నగా 12 వోల్టులు పడ్డాయంటే 3 ఆంపియర్లు, అంటే 36 వాట్లు ఆగకుండా ఆ సన్నటి కాయిల్లో వేడి అవుతూ ఉంటుంది. 10 ఆంపియర్ల ఫ్యూజుకి 3 ఆంపియర్లు లెక్కే కాదు, అది పోదు. ఫ్యూజు పోలేదు కాబట్టి అంతా బాగానే ఉందని మీరనుకుంటారు, లోపల కాయిల్ మాడిపోతుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట. పైన నేను చెప్పిన టయోటా రంగులు కూడా నా మాట మీద నమ్మి కలపకండి. మీది సెకండ్‌హ్యాండ్ బండి. మీకంటే ముందు దాన్ని వాడినవాళ్లు ఎక్కడ ఏం కోసి ఏం అతికించారో మనకి తెలియదు. కప్లర్ దగ్గర గులాబీ రంగు ఉన్న వైరు సీటు కింద ఇంకో రంగుగా మారిపోయిన బండ్లు నేను చూశాను. రంగు చూస్తే ఒక అంచనా వస్తుంది, అంతవరకే దాని ఉపయోగం. ఏ వైరు ఏ పని చేస్తోందో మీటరు పెట్టి చూసుకున్నాకే కలపాలి.

అసలీ గందరగోళం ఎందుకొస్తుందంటే, బయట కొనే సెట్లన్నిటికీ రంగులు దాదాపు ఒకటే. పసుపు ఎప్పుడూ కరెంటు, ఎరుపు కీతో వచ్చే కరెంటు, నలుపు ఎర్త్, నారింజ లైట్లు, నీలం యాంటెన్నా, నీలం మీద తెల్ల గీత యాంప్లిఫయర్. స్పీకర్లకి తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. వీటిలో నల్ల గీత ఉన్నది మైనస్. ఈ లెక్క బయటి సెట్లు చేసేవాళ్లది. కారు కంపెనీలకి దీంతో సంబంధం లేదు, ఎవరి లెక్క వాళ్లది. జర్మన్ పద్ధతిలో ఎర్త్ వైరు గోధుమ రంగు, నలుపు రంగు వైరులో కీ ఆన్ చేస్తే కరెంటు వస్తుంది. అంటే మనం ఎర్త్ అనుకునే రంగులో వాళ్లకి 12 వోల్టులు ఉంటాయి. వాళ్ల వైరింగ్ బొమ్మల్లో రంగుల కన్నా అంకెలే ముఖ్యం. 30 అంటే బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చేది, 15 అంటే కీతో వచ్చేది, 31 అంటే ఎర్త్, 58 అంటే లైట్లు. యూరప్ బండ్లలో చాలావాటికి ఉండే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) కప్లర్‌లో పిన్ను ఉండే చోటుని బట్టి పని తెలుస్తుంది. ఏ4 ఎప్పుడూ కరెంటు, ఏ7 కీతో వచ్చేది, ఏ8 ఎర్త్. అక్కడ కూడా కొన్ని ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో ఏ4, ఏ7 అటూ ఇటూ అయి ఉంటాయి. కాబట్టి ఏ బండికైనా ఆఖరి మాట మీటరుదే.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక డిజిటల్ మల్టీమీటరు (మరీ ఖరీదైనది వద్దు), రెండు గుండుసూదులు, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లు ఒకటి, బ్యాటరీ విప్పడానికి 10 నంబరు స్పానరు, పేర్లు రాయడానికి కాగితం టేపు, పెన్ను. టెస్ట్ ల్యాంపు మాత్రం ఈ దశలో వాడకండి. బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపు తగిలించిన ప్రతి చోటా కరెంటు లాగుతుంది. తెలియని వైరు ఏ కంప్యూటరుకో వెళ్లేదైతే దానికి ప్రమాదం. మీటరు చూడ్డమే తప్ప లాగడం దాదాపు ఉండదు. డ్యాష్‌బోర్డు లోపల పసుపు తొడుగులో వెళ్లే వైర్లు, పసుపు కప్లర్లు కనిపిస్తే వాటి జోలికి పోకండి, మీటరు కూడా పెట్టకండి. అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

మీటరు పెట్టేముందు ఒక్క జాగ్రత్త. ఎర్ర ప్రోబు (మీటరు ముల్లు) వైరు మీటరులో ఏ రంధ్రంలో ఉందో చూసుకోండి. 10ఏ అని రాసిన రంధ్రంలో పెట్టి పవర్ వైరుకి తగిలిస్తే అది నేరుగా షార్టే. కొత్తగా మీటరు కొన్నవాళ్లలో సగం మంది ఫ్యూజు పోగొట్టుకునేది ఇక్కడే. వోల్టులు రాసిన రంధ్రంలో పెట్టి, డీసీ 20 దగ్గరకి తిప్పండి. ముందు బ్యాటరీ మీద పెట్టి చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు బాగున్న బ్యాటరీ 12.4 నుంచి 12.7 దాకా చూపిస్తుంది. ఆ అంకె రాసుకోండి, మిగతావన్నీ దాంతోనే పోల్చాలి.

పాత సెట్ నుంచి కప్లర్లు ఊడదీసే ముందు ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకోండి. పాత సెట్ ఇంకా పనిచేస్తుంటే అది మన అదృష్టం, దాన్ని తగిలించి ఉంచే సగం వైర్లు గుర్తుపట్టొచ్చు. కప్లర్ వెనక నుంచి, వైరు లోపలికి వెళ్లే చోట, ఇన్సులేషన్‌కి పక్కగా గుండుసూదిని మెల్లగా దించితే లోపలి లోహానికి తగులుతుంది. ప్రోబుని ఆ సూదికి ఆనించండి. వైరుని మధ్యలో గీకి రాగి బయటపెట్టకండి. పక్కపక్క పిన్నుల్లో ఒకేసారి రెండు సూదులు పెట్టకండి, అవి ఒకదానికొకటి తగిలితే అంతే సంగతులు.

నల్ల ప్రోబుని బ్యాటరీ మైనస్‌కి లేదా డ్యాష్‌బోర్డు వెనక రంగు లేని ఇనుప బోల్టుకి పట్టించండి. ఆ బోల్టు నిజంగా ఎర్త్ అవునో కాదో సిగరెట్ లైటర్ మధ్య పిన్నుతో సరిచూసుకోండి. కీ ఆన్‌లో ఉంచితే అక్కడ 12 రావాలి.

మొదట కీ తీసేసి చేతిలో పట్టుకోండి, అన్ని లైట్లూ ఆపండి. ఇప్పుడు ఏ వైరు మీద 12 వోల్టులు కనిపిస్తే అది ఎప్పుడూ కరెంటు ఉండే వైరు. సెట్‌లో గడియారం, రేడియో స్టేషన్లు గుర్తుండేది దీనివల్లే. కొన్ని బండ్లలో డోరు తీసేదాకానో, కీ తీశాక కొంతసేపటిదాకానో ఏసీసీ వైరులో (కీ ఒక మెట్టు తిప్పితే కరెంటు వచ్చేది) కూడా కరెంటు నిలిచే ఉంటుంది. కాబట్టి డోరు ఒకసారి తీసి వేసి, ఓ పావుగంట ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ ఉన్నదే అసలైనది.

తర్వాత కీని ఏసీసీ దగ్గరకి ఒక మెట్టు తిప్పండి. ఇందాక సున్నా ఉన్న ఏ వైరు 12కి వచ్చిందో అది కొత్త సెట్ ఎరుపుకి వెళ్లేది. ఆన్ మెట్టులో మాత్రమే వచ్చే వైరు వేరే ఉండొచ్చు, అది స్టీరియోకి కాదు. తేడా కావాలంటే, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. ఏసీసీ వైరులో సెల్ఫ్ తిరిగినంతసేపూ కరెంటు పోతుంది, ఇంజను అందుకోగానే తిరిగొస్తుంది. సెట్ ఒక్క క్షణం ఆరి వెలగడం అందుకే, అది లోపం కాదు. ఇంజను నడుస్తుండగా అక్కడ 13.8 నుంచి 14.4 మధ్య ఉంటుంది.

ఈ రెండూ తారుమారు చేస్తే ఏమవుతుందో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ లక్షణాలతో నా దగ్గరికి వచ్చే బండ్లు ఎక్కువ. కీ తీసిన ప్రతిసారీ స్టేషన్లు, బ్లూటూత్ అన్నీ మర్చిపోతోందంటే పసుపు, ఎరుపు అటూ ఇటూ అయ్యాయి, లేదా రెండూ ఏసీసీ మీదే పెట్టారు. మూడు రోజులు బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతోందంటే రెండూ ఎప్పుడూ ఉండే కరెంటు మీద పెట్టారు.

ఎర్త్ దగ్గర కాస్త ఓపిక పట్టండి. పాత సెట్ ఊడదీసి, కీ తీసి, బ్యాటరీ మైనస్ విప్పి, మీటరుని ఓమ్‌ల మీద 200 దగ్గర పెట్టండి. ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసి, ఆ అంకెని తర్వాత తీసేయండి. ఎర్త్ వైరుకీ బండి బాడీకీ మధ్య ఒక ఓమ్ కన్నా తక్కువ రావాలి. ఇక్కడ మోసపోయే చోటొకటుంది. కొన్ని బండ్లలో డ్యాష్‌బోర్డు వెలుగు తగ్గించే డిమ్మర్‌కి మైనస్ వైరు విడిగా వస్తుంది. అది కూడా బాడీకి కలిసినట్టే కనిపిస్తుంది. మీటరుని బజర్ మీద పెడితే బీప్ కూడా కొట్టొచ్చు. దాన్ని ఎర్త్ అనుకుని సెట్ తగిలిస్తే ఆ సెట్ లాగే కరెంటంతా పాపం ఆ చిన్న డిమ్మర్ లోంచే పోవాలి. అనుమానంగా ఉన్న వైరుకి ప్రోబు పెట్టి డిమ్మర్ చక్రం తిప్పి చూడండి. అంకె మారిందంటే అది ఎర్త్ కాదు.

బ్యాటరీ విప్పే ముందు పాత స్టీరియోకి కోడ్ ఉందేమో కనుక్కోండి. కొన్ని కంపెనీ సెట్లు కరెంటు పోయి తిరిగొస్తే కోడ్ అడుగుతాయి. రేపు బండి అమ్మేటప్పుడు పాత సెట్ మళ్లీ పెట్టాల్సి రావచ్చు.

లైట్ల వైరు సులువు. పార్కింగ్ లైట్లు వేస్తే కరెంటు వచ్చి, ఆపితే పోయేది. డిమ్మర్ తిప్పితే వోల్టులు తగ్గుతున్నాయంటే అది మసకబరిచే రకం.

ఇక స్పీకర్లు. ఎక్కువ సెట్లు మాడేది ఇక్కడే, నా చేతుల మీదుగా కూడా ఒకటి మాడింది. నేను ఈ పని నేర్చుకుంటున్న కొత్తలో ఆసిల్‌మెట్ట వైపు ఒక షాపులో ఉండేవాణ్ణి. అప్పటి పాత టేపు సెట్లలో స్పీకర్‌కి ఒక వైరు సెట్ నుంచి, రెండోది బాడీకి ఎర్త్ వేసిన బండ్లు కూడా వచ్చేవి. అలాంటి బండి ఒకటి వచ్చింది, వాళ్లు కొత్త సెట్ తెచ్చుకున్నారు. పాత వైరింగ్ ఎలా ఉందో అలాగే మైనస్‌లన్నీ బాడీకి వేసి తగిలించాను. పాట వచ్చింది. వాల్యూమ్ పెంచి చూద్దామని తిప్పాను. ఒక్క నిమిషంలో వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, ఆ తర్వాత శబ్దం లేదు. మర్నాడు పొద్దున్నే ఆ కుటుంబం అరకు వెళ్లాల్సి ఉంది, పిల్లలు ఆ సెట్ కోసమే షాపు ముందు నిలబడి ఉన్నారు. సెట్ డబ్బులు నా జీతంలోంచి కోశారు. అది న్యాయమే. ఆ పిల్లల ముఖాలు మాత్రం నాకింకా గుర్తున్నాయి.

అక్కడ జరిగిందేమిటంటే, ఇప్పటి సెట్లలో స్పీకర్ మైనస్ అంటే ఎర్త్ కాదు. స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లనీ లోపలున్న ఐసీ (శబ్దం పెంచే చిప్పు) నడుపుతుంది, ఒకదాన్ని పైకి తోస్తే రెండోదాన్ని కిందికి లాగుతుంది. అలా చేస్తేనే 12 వోల్టుల బ్యాటరీతో అంత శబ్దం వస్తుంది. అందులో ఒక కాలుని బాడీకి కలిపేస్తే ఐసీ నేరుగా షార్ట్ మీద పనిచేయాల్సి వస్తుంది. ఏ స్పీకర్ వైరూ బాడీకి తగలకూడదు, రెండు స్పీకర్ల మైనస్‌లు ఒకదానికొకటి కూడా కలవకూడదు.

ఈ విషయం తెలిస్తే మీటరుతో ఇంకో సంగతి పట్టుకోవచ్చు. పాత సెట్ ఆన్ చేసి, స్పీకర్ వైర్ల మీద ఒక్కోదానికీ బాడీకీ మధ్య కొలవండి. దాదాపు 6 వోల్టులు, అంటే బ్యాటరీలో సగం కనిపిస్తుంది. జతలోని రెండిటి మీదా అదే. ఆ రెండిటి మధ్య కొలిస్తే సున్నాకి దగ్గరగా ఉంటుంది. ఆ 6 వోల్టులు చూసి "ఇదేదో లైట్ల వైరు, డిమ్ అయి ఉంది" అనుకున్నవాళ్లున్నారు. సెట్ ఆన్ చేసినప్పుడు వచ్చి, ఆపితే పోయి, ఎనిమిది వైర్ల మీద ఒకేలా ఉంటే అవే స్పీకర్లు.

ఇప్పుడు సెట్ ఊడదీయండి. ఇక నుంచి చేసేదంతా కప్లర్ విడిగా ఉన్నప్పుడే. మీటరు ఓమ్‌ల మీద పెట్టి, జత అని అనుమానం ఉన్న రెండు వైర్ల మధ్య కొలవండి. 4 ఓమ్‌ల స్పీకర్ అయితే మీటరులో 3.2 నుంచి 4 మధ్యలో చూపిస్తుంది. రాసి ఉన్న 4 కన్నా తక్కువ రావడం మామూలే. ఆ రెండిటిలో ఏదీ బాడీతో కలవకూడదు. కలుస్తోందంటే డోరు సందులో ఎక్కడో వైరు నలిగి రేకుకి తగులుతోంది. కొత్త సెట్ పెట్టకముందే అది బాగుచేయాలి, లేకపోతే మొదటిరోజే కొత్త సెట్ ఐసీ పోతుంది. డోరు వేసీ తీసీ కూడా కొలవండి. డోరు ఊగినప్పుడు అంకె గెంతుతోందంటే కీళ్ల దగ్గరి రబ్బరు గొట్టంలో వైరు తెగడానికి సిద్ధంగా ఉందని.

ఏ జత ఏ స్పీకర్‌దో, ప్లస్ ఏదో తెలియడానికి గడియారం సెల్లు. 1.5 వోల్టులు చాలు, 9 వోల్టుల సెల్లు పెట్టొద్దు, చిన్న ట్వీటర్లకి (సన్నటి శబ్దాల స్పీకర్లకి) మంచిది కాదు. సెల్లు రెండు చివర్లకీ చిన్న వైరు ముక్కలు పట్టించి, జతలోని రెండు పిన్నులకీ ఒక్క క్షణం తాకించి తీసేయండి. ఏదో ఒక డోరులో "టక్" మంటుంది. ఇంట్లోవాళ్లని ఒకరిని వెనక సీట్లో కూర్చోబెట్టండి, ఎక్కడ మోగిందో వాళ్లే చెబుతారు. తర్వాత జాలీ లోంచి ఫోను టార్చి కొట్టి ఆ స్పీకర్ అట్టని చూడమనండి. తాకించినప్పుడు అట్ట బయటికి వచ్చిందంటే సెల్లు ప్లస్ తగిలిన వైరే స్పీకర్ ప్లస్. లోపలికి పోయిందంటే తిరగేయండి. జాలీ మూలంగా కనిపించకపోతే జాలీ విప్పండి, అంచనా మీద వదిలేయకండి. ప్లస్, మైనస్ తారుమారైతే సెట్ ఏమీ పాడవదు. కానీ ఒక స్పీకర్ తోస్తున్నప్పుడు ఇంకోటి లాగుతుంది, బేస్ అంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. "ఇంత డబ్బు పెట్టినా పాట పలచగా వస్తోంది" అన్న ఫిర్యాదులో చాలాసార్లు తప్పు స్పీకర్లది కాదు, ఈ తిరగబడిన ఒక్క జతదే. సెల్లు పరీక్ష సెట్ తగిలి ఉండగా మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఓమ్‌లు వందల్లో, వేలల్లో చూపిస్తూ, సెల్లు తాకించినా ఎక్కడా శబ్దం రాలేదంటే ఆ వైర్లు నేరుగా స్పీకర్లకి వెళ్లట్లేదు. కంపెనీ యాంప్లిఫయర్ ఒకటి మధ్యలో ఉంది, ఎక్కువగా సీటు కిందో డిక్కీ పక్కనో ఉంటుంది. అప్పుడు దాన్ని లేపే వైరుని వెతికి కొత్త సెట్ నీలం తెలుపు వైరు దానికివ్వాలి. మీ ఇన్నోవాకి ఇది తగలకపోవచ్చు, ఖరీదైన బండ్లలో కనిపిస్తుంది.

మిగిలిన వైర్ల గురించి కొద్దిగా. స్టీరింగ్ మీద బటన్లు ఉంటే వాటి వైర్లలో కరెంటు వెతక్కండి. కప్లర్ విడిగా ఉన్నప్పుడు ఓమ్‌ల మీద పెట్టి ఒక్కో బటను నొక్కండి. ఒక్కో బటన్‌కి ఒక్కో అంకె మారుతుంది. వాటిలో సిగ్నల్ వైర్లు కొత్త సెట్‌లో కీ1, కీ2 అని రాసినవాటికి, ఉమ్మడి వైరు ఎర్త్‌కి వెళ్తాయి. రివర్స్ గేరు వేస్తే 12 వచ్చేది కెమెరా వైరు. హ్యాండ్ బ్రేకు వైరుని మాత్రం సరిగ్గా బ్రేకు స్విచ్‌కే కలపండి, ఊరికే ఎర్త్‌కి కలిపేయకండి. బండి నడుస్తుండగా వీడియో ఆడకుండా ఆపేది అదే. కూర్మన్నపాలెం వైపు లారీల మధ్య బండి తోలుతూ స్క్రీన్ చూడాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇంకా ఒక వైరు మిగిలి, బండి కదులుతుంటేనే దాని మీద అంకె గెంతుతుంటే అది స్పీడు సిగ్నల్. దాన్ని టేపు చుట్టి అలాగే ఉంచేయండి. మెలి తిప్పిన రెండు వైర్లు, ఒక్కోదాని మీద రెండున్నర వోల్టుల దగ్గర కనిపిస్తే అవి బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైర్లు. ఈ కాలపు కొన్ని బండ్లలో ఏసీసీ వైరే ఉండదు, స్టీరియో ఆన్ అవ్వమన్న మాట కూడా ఆ జతలోంచే వస్తుంది. అలాంటి బండికి ఆ మాటని సెట్‌కి అర్థమయ్యేలా మార్చే డీకోడర్ బాక్సు తప్పనిసరి, మీటరుతో పని అయ్యేది కాదు.

ప్రతి వైరు తేలగానే దానికి టేపు ముక్క చుట్టి పేరు రాయండి. తర్వాత రాద్దామనుకుంటే సగం మర్చిపోతారు.

ఇప్పుడు కప్లర్ కోయనా అన్న ప్రశ్నకి వస్తాను. వద్దు. ఒక వైపు టయోటా 10 పిన్నులు, 6 పిన్నులు, రెండో వైపు ఉత్త వైర్లు ఉండే అడాప్టర్ కప్లర్ కార్ డెకార్ షాపుల్లో దొరుకుతుంది. అది తెచ్చుకుని, అతుకులన్నీ దాని మీద వేసుకోండి. కంపెనీ వైరింగ్ చెక్కుచెదరదు, రేపు పాత సెట్ మళ్లీ పెట్టాలన్నా అయిదు నిమిషాల పని. కానీ ఆ అడాప్టర్ రంగుల్ని కూడా నమ్మకండి. తగిలించి, కొత్త సెట్‌కి కలపకముందే, దాని చివర్ల మీద పసుపు, ఎరుపు, నలుపు మళ్లీ ఒకసారి కొలవండి. ఫ్యాక్టరీలో పిన్నులు మారిపోయిన అడాప్టర్లు నేను తిప్పి పంపాను.

అతుకుల దగ్గర మన ఊరి సంగతి చెప్పాలి. విశాఖలో ఉప్పు గాలి, ఉక్కపోత. రెండు వైర్లు మెలేసి టేపు చుట్టిన అతుకు లోపలి ఊళ్లలో పదేళ్లు ఉంటుందేమో, ఇక్కడ ఉండదు. పెదవాల్తేరులో సముద్రం వైపు వీధిలో రోజూ బయట నిలబెట్టే బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది. పాట మధ్యమధ్యలో ఆగిపోతోందని ఫిర్యాదు. టేపు విప్పితే జిగురు కారిపోయి నల్లగా అంటుకుంది, లోపల రాగి పచ్చగా చిలుము పట్టి వేలితో నలిపితే పొడి రాలింది. మీటరు పెడితే అక్కడ కూడా 12.4 చూపించింది! ఎందుకంటే మీటరు కరెంటు లాగదు, ఒక్క పోగు మిగిలి ఉన్నా వోల్టులు పూర్తిగా చూపిస్తుంది. అదే వైరుకి 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి కొలిస్తే 8కి పడిపోయింది. కాబట్టి పవర్ వైరు ఏదో మీటరుతో తేలాక, ఆ వైరుకీ మీ ఎర్త్ వైరుకీ మధ్య ఆ బల్బు పెట్టి, వెలుగుతుండగా వోల్టులు చూడండి. అర వోల్టు కన్నా ఎక్కువ తగ్గకూడదు. తగ్గితే దారిలో ఎక్కడో పాత అతుకు ఉంది, వెతకండి. ఇది పవర్ వైరని తేలినదాని మీద మాత్రమే చేయాలి. తెలియని వైర్ల మీద బల్బు వద్దని ముందే చెప్పాను.

మీ అతుకులకి టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. టంకం చేతకాకపోతే మంచి క్రింపు కనెక్టర్లు వేసి గట్టిగా నొక్కి, లాగి చూడండి. ఒక్కో అతుకు ఒక్కో దూరంలో వచ్చేలా వైర్లు కత్తిరించుకోండి, అన్నీ ఒకే చోట ఉబ్బెత్తుగా ఉంటే ఒకదానికొకటి తగులుతాయి. వాడని వైర్ల చివర్లు విడివిడిగా మూయండి. అతుకులు వేసేటప్పుడు బ్యాటరీ మైనస్ విప్పే ఉండాలి. విప్పాక కొన్ని నిమిషాలు ఆగి డ్యాష్‌బోర్డు లోపల చెయ్యి పెట్టండి. సెట్ పసుపు వైరుకి దానితో వచ్చిన ఫ్యూజు అలాగే ఉంచండి, పోతోందని పెద్దది వేయకండి.

అంతా కలిపాక డ్యాష్‌బోర్డు మూసేయడానికి తొందరపడకండి. సెట్ ఆన్ చేసి, సెట్టింగుల్లో శబ్దాన్ని ముందు ఎడమ మూలకి, తర్వాత కుడి మూలకి, అలా నాలుగు మూలలకీ ఒక్కోసారి తిప్పండి. మీరు చెప్పిన మూలే మోగాలి. తర్వాత మృదంగమో డప్పో గట్టిగా వినిపించే పాట పెట్టి, శబ్దం మధ్యలో ఉంచి వినండి. బేస్ నిండుగా రావాలి. ఎఫ్ఎం కూడా చూడండి. కొన్ని బండ్లలో యాంటెన్నా బూస్టర్‌కి నీలం వైరు నుంచి కరెంటు ఇస్తేనే స్టేషన్లు స్పష్టంగా వస్తాయి, అది మర్చిపోయి "సెట్ రేడియో బాగోలేదు" అంటారు.

పార్కింగ్ లైట్లు వేసి, రివర్స్ గేరు వేసి, సెల్ఫ్ కొట్టి ఒక్కోటీ చూశాక, సెట్ ఆపి, కీ తీసి, బండి తాళం వేసి, బ్యాటరీ వోల్టులు కాగితం మీద రాసుకోండి. ఆ రాత్రి సెట్‌ని స్క్రూలు లేకుండా చోట్లో ఊరికే ఆనించి వదిలేయండి. పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేయకముందు మళ్లీ కొలవండి. రాత్రి 12.6 ఉండి పొద్దున 12.5 ఉంటే ఏ ఇబ్బందీ లేదు, స్క్రూలు బిగించేయండి. 12.2కి దిగిందంటే ఎరుపు వైరు మీద ఇంకా కరెంటు ఉండొచ్చు, కీ చేతిలో పట్టుకుని దాన్ని మళ్లీ కొలవడంతో మొదలుపెట్టండి.